పూలదండ ఒక్కటే చాలదు: ఇంటర్ ముగిస్తున్న మన పిల్లలకు ధమ్మం చూపే దారి



మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయో అబ్బాయో ఉండే ఉంటారు. మార్చికల్లా పరీక్షలు. ఏప్రిల్‌లో ఫలితాలు. అక్కణ్ణుంచి కాలేజీలు తెరిచేదాకా ఇంట్లో ఒకటే మాట నడుస్తుంది: "ఇప్పుడేం చేద్దాం?"

మన ఇళ్ళలో చాలాచోట్ల ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు లేరు. నాన్న తాపీ పనికి పోతాడు, అమ్మ మున్సిపాలిటీలో ఊడ్చే పనికో పొలం కూలికో పోతుంది. పిల్లల మీద ప్రేమకు కొదవ లేదు. కానీ ఆ దారిలో వాళ్ళు నడిచినవాళ్ళు కారు. తరతరాలుగా చదువుకున్న ఇంట్లో అయితే బాబాయి ఇంజనీరు, మేనమామ లెక్చరరు, అత్తయ్య బ్యాంకులో. రెండు ఫోన్లు చేస్తే ఏ కోర్సు మంచిది, ఏ కాలేజీకి పోకూడదు అన్నీ తెలిసిపోతాయి. మన పిల్లలు నెట్ సెంటర్ ముందు క్యూలో నిలబడతారు. అక్కడ కూర్చున్న కుర్రాడు హడావుడిలో ఏ కాలేజీ నొక్కితే నాలుగేళ్ళ జీవితం అటు పోతుంది.

ఇది చదువుల గొడవ కదా, దీనికీ ధమ్మానికీ ఏం సంబంధం అని ఎవరైనా అడగొచ్చు. సంబంధం ఉంది. బుద్ధ భగవానుడు గృహస్థులకు చెప్పిన బోధల్లో పిల్లలకు వృత్తి నేర్పడం, వాళ్ళకు మంచి తోడు చూపించడం, సంపాదన కాపాడుకోవడం ఇవన్నీ ఉన్నాయి. బాబాసాహెబ్ జీవితంలో అయితే ఇదే మొదటి అధ్యాయం.

ఒక సభ, ఒక పుస్తకం, నెలకు 25 రూపాయలు

"బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథం కోసం రాసుకున్న ముందుమాటలో బాబాసాహెబ్ తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పారు. ఆయన స్కూల్లో ఒక పరీక్ష పాసయ్యారు. మిగతా కులాల్లో అదేమంత పెద్ద విషయం కాదు. మన వాళ్ళలో అక్కడిదాకా వచ్చిన మొదటి పిల్లాడు ఆయనే. అందుకని సభ పెట్టి సత్కరించాలని జనం అనుకున్నారు. తండ్రి రాంజీ వద్దన్నారు. పిల్లాడికి తలకెక్కుతుందని ఆయన భయం. అప్పుడు వాళ్ళు కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్ళారు. ఆయన ఉపాధ్యాయుడు, రచయిత, రాంజీకి మిత్రుడు. మహార్ కులస్థుడు కాదు. ఆయన వచ్చి రాంజీని ఒప్పించారు, సభకు అధ్యక్షత వహించారు, చివర్లో తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆ పిల్లాడి చేతిలో పెట్టారు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది త్రిశరణాలు తీసుకున్న దారి ఆ పుస్తకంతో మొదలైందని మనం చెప్పుకుంటాం. నిజమే. అయితే కేలూస్కర్ చేసిన రెండో పని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. 1907లో బాబాసాహెబ్ మెట్రిక్ పాసై ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరారు. కొంతకాలానికి రాంజీ దగ్గర డబ్బు అయిపోయింది. చదువు ఆగిపోయే పరిస్థితి. అప్పుడు కేలూస్కర్ చొరవ తీసుకుని బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌తో మాట్లాడారు. నెలకు 25 రూపాయల సాయం మంజూరైంది. 1912లో బాబాసాహెబ్ బి.ఏ. పూర్తి చేశారు. 1913లో అదే బరోడా సంస్థానం సాయంతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు.

ఆలోచించండి. ఆ సభకు వచ్చినవాళ్ళంతా దండ వేసి, చప్పట్లు కొట్టి, ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయి ఉంటే? సత్కారం చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. డబ్బు అయిపోయినప్పుడు పక్కన నిలబడి తర్వాతి గుమ్మం దాకా తీసుకెళ్ళినవాడు ఒక్కడు ఉన్నాడు. ఇవాళ మన బస్తీల్లో, పల్లెల్లో మార్కులు బాగా వచ్చిన పిల్లలకు జయంతి సభలో శాలువా కప్పుతున్నాం, మెమెంటో ఇస్తున్నాం. మంచిదే. ఆ మెమెంటో తీసుకున్న పాప జూన్‌లో ఏ కాలేజీలో చేరింది, ఫీజు ఎవరు కట్టారు, హాస్టల్లో ఎలా ఉంది అని మనలో ఎంతమంది అడుగుతున్నాం?

సిగాలుడికి చెప్పిన ఐదు బాధ్యతలు

రాజగృహంలో సిగాలుడు అనే యువకుడు తెల్లవారుజామునే స్నానం చేసి, తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతున్నాడు. ఎందుకు మొక్కుతున్నావు అని భగవానుడు అడిగితే, మా నాన్న చనిపోతూ మొక్కమన్నాడు అన్నాడు. అతనికి తెలిసింది అంతే. భగవానుడు అతన్ని ఎగతాళి చేయలేదు. ఆ ఆరు దిక్కులకే కొత్త అర్థం చెప్పారు. తూర్పు అంటే తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింది దిక్కు పనివాళ్ళు, పై దిక్కు శ్రమణులు. వాళ్ళతో నీ బాధ్యత నెరవేర్చడమే దిక్కులకు మొక్కడం అన్నారు.

అందులో తల్లిదండ్రులు పిల్లలకు చేయవలసినవి ఐదు చెప్పారు. చెడు నుంచి ఆపడం, మంచి వైపు నడపడం, ఒక విద్యనో వృత్తినో నేర్పించడం, తగిన సంబంధం చూడడం, తగిన కాలంలో ఆస్తి అప్పగించడం. మూడోది చూడండి. వృత్తి నేర్పించడం తల్లిదండ్రుల ధర్మం అని 2,500 ఏళ్ళ కిందట చెప్పిన మాట. అది పెళ్ళి కన్నా ముందు వచ్చింది, ఆస్తి కన్నా ముందు వచ్చింది. మనలో చాలామందికి ఇవ్వడానికి ఆస్తి లేదు. ఇవ్వగలిగిన ఆస్తి చదువే.

గురువులకూ ఐదు చెప్పారు. బాగా శిక్షణ ఇవ్వాలి. చెప్పింది బాగా అర్థమయ్యేలా చెప్పాలి. తనకు తెలిసిన విద్యలన్నీ నేర్పాలి. తన స్నేహితులకు, తెలిసినవాళ్ళకు ఆ శిష్యుణ్ణి పరిచయం చేయాలి. అన్ని దిక్కులా అతనికి రక్షణ ఏర్పాటు చేయాలి. ఈ చివరి రెండూ మళ్ళీ చదవండి. పాఠం చెప్పి పంపేస్తే గురువు పని అయిపోదు. నలుగురికి పరిచయం చేసి, బయటి లోకంలో వాడికి కాపుదల చూపించేదాకా అయిపోదు. కేలూస్కర్ చేసింది అదే. మన పిల్లల్లో చాలామందికి అలాంటి గురువు కాలేజీలో దొరకడు. అందుకే ఆ పని విహారం చేయాలి. విహారంలో ముందు చదువుకున్న అన్నలు, అక్కలు చేయాలి.

ఏ చదువు? ఉపాలి తల్లిదండ్రుల కథ

వినయ పిటకంలో ఒక చిన్న కథ ఉంది. రాజగృహంలో పదిహేడు మంది పిల్లల జట్టు ఒకటి ఉండేది. వాళ్ళ పెద్ద ఉపాలి. సంఘంలో చేరిన మంగలి ఉపాలి వేరు, ఈ పిల్లాడు వేరు. ఇతని తల్లిదండ్రులు, మేం పోయాక వీడు సుఖంగా ఎలా బతుకుతాడు అని ఆలోచించారు. రాత నేర్పిద్దామా? వేళ్ళు నొప్పి పుడతాయి. లెక్కలు నేర్పిద్దామా? గుండెల్లో నొప్పి వస్తుంది. నాణేలు పరీక్షించే పని నేర్పిద్దామా? కళ్ళు పోతాయి. చివరికి, భిక్షువులు హాయిగా తిని గాలి తగలని చోట పడుకుంటారు, వీణ్ణి అందులో చేర్పిస్తే సరిపోతుంది అనుకున్నారు. ఆ మాట విని ఉపాలి, వాడి జట్టు అంతా వెళ్ళి భిక్షువులయ్యారు. తెల్లవారకముందే ఆకలేసి, గంజి పెట్టండి, అన్నం పెట్టండి అని ఏడుపు మొదలుపెట్టారు. ఆ గోల విని భగవానుడు విషయం కనుక్కుని, ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళకు ఉపసంపద ఇవ్వకూడదని నియమం పెట్టారు. ఆకలి, చలి, ఎండ, మాటపోట్లు తట్టుకునే శక్తి ఆ వయసుకు రాదన్నారు.

ఈ కథలో మన ఇళ్ళు కనబడటం లేదా? వాడికి ఏది ఇష్టం, ఏది చేతనవును అని ఆ తల్లిదండ్రులు ఒక్కసారి కూడా అడగలేదు. ఏది సుఖం అని మాత్రమే చూశారు. ఇవాళ మనం ఇంజనీరింగ్ అయితే సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అయితే ఏసీ గది అనుకుంటున్నాం. లెక్కలంటే భయపడే పిల్లను ఎంపీసీలో వేసి, ఆ తర్వాత లెక్చరర్లు కూడా సరిగా లేని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వచ్చిందని సంబరపడుతున్నాం. నాలుగేళ్ళ తర్వాత ఆ పిల్ల చేతిలో బ్యాక్‌లాగ్‌లు మిగులుతున్నాయి.

ఇంజనీరింగ్ వద్దని నేను అనడం లేదు. నచ్చినవాళ్ళు, వచ్చినవాళ్ళు చదవాలి. కానీ అదొక్కటే దారి కాదు. లాసెట్ రాసి ఐదేళ్ళ న్యాయశాస్త్రం చదవొచ్చు. క్లాట్ రాస్తే హైదరాబాద్ నల్సార్‌లో, విశాఖ దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు రావచ్చు. ఆ సంజీవయ్య గారు ఈ దేశంలో ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు, న్యాయవాది. క్యూట్ రాస్తే కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో తక్కువ ఫీజుతో చదవొచ్చు. నర్సింగ్ ఉంది, టీచర్ శిక్షణ ఉంది. మామూలు డిగ్రీకి తెలంగాణలో దోస్త్ ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. పనిచేసుకుంటూ చదవాల్సినవాళ్ళకు హైదరాబాద్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. చేతిపని బాగా వచ్చిన పిల్లాడికి ఐటీఐ చిన్నతనం కాదు. నేను బి.ఏ. చదివినవాణ్ణి. ఆర్ట్స్ చదివితే ఏం వస్తుంది అని అడిగేవాళ్ళకు ఒకటే చెప్తాను: బాబాసాహెబ్ కొలంబియాలో చదివింది అర్థశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రం. ఆ చదువుతోనే ఈ దేశానికి రాజ్యాంగం రాశారు.

కాలేజీని ఎంచుకునేటప్పుడు కాలామ సుత్తం గుర్తు పెట్టుకోండి. కేసపుత్త గ్రామంలో కాలాములు, వచ్చే ప్రతి గురువూ నాదే నిజం అంటున్నాడు, ఎవరిని నమ్మాలి అని అడిగారు. విన్నంత మాత్రాన, అందరూ అంటున్నారని, చెప్పేవాడు పెద్దవాడని నమ్మకండి. మీరే పరీక్షించి తెలుసుకోండి అని భగవానుడు చెప్పారు. టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ర్యాంకులు అరిచే ప్రకటన చూసినప్పుడు ఈ సుత్తం కన్నా మంచి మందు లేదు. ఆ కాలేజీలో నిరుడు చదివిన పిల్లల్ని నలుగురిని కలవండి. లెక్చరర్లు ఉన్నారా, ల్యాబ్ తెరుస్తారా, హాస్టల్ ఎలా ఉంది, చెప్పిన ఫీజు కాక ఇంకెంత గుంజుతారు, ఇవి అడగండి. ఏజెంటు మాట మీద సంతకం పెట్టకండి.

కాగితాల సంగతి, మన మతం సంగతి

ఇక్కడ చాలామంది ఉపాసకులను తొలిచే భయం ఒకటుంది. బౌద్ధులం అని రాస్తే పిల్లల రిజర్వేషన్ పోతుందేమో అని. ఈ భయానికి చరిత్ర ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులే షెడ్యూల్డ్ కులాల కిందికి వస్తారు. 1956లో సిక్కులను చేర్చారు. అదే ఏడు ధమ్మ దీక్ష తీసుకున్న మన వాళ్ళను మాత్రం చేర్చలేదు. 34 ఏళ్ళు పోరాడితే 1990లో చట్టం సవరించి బౌద్ధులను చేర్చారు. కాబట్టి షెడ్యూల్డ్ కులం నుంచి బౌద్ధం తీసుకున్న కుటుంబం పిల్లలు ఇవాళ చట్ట ప్రకారం ఎస్సీలే. ఆఫీసులో గుమాస్తా తెలియక అడ్డం మాట్లాడితే, 1990 సవరణ అని గట్టిగా చెప్పండి. ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి వెళ్ళి చెప్పండి.

ఒక్క జాగ్రత్త. స్కూలు రికార్డులో ఒక మతం, కుల పత్రంలో ఇంకో మతం ఉంటే కౌన్సెలింగ్ రోజున పిల్లలు బెదిరిపోతారు. మార్చుకోవాలనుకుంటే చాలా ముందే, అన్ని కాగితాల్లో ఒకేలా ఉండేట్టు మార్చుకోండి. అడ్మిషన్లు నడుస్తుండగా మొదలుపెట్టకండి. కులం పేరు కూడా స్పష్టంగా, ఒకే రకంగా ఉండాలి. వర్గీకరణ వచ్చాక ఇది ఇంకా ముఖ్యం.

పరీక్షలకు ముందే ఒక ఫైలు తయారు చేయండి. టెన్త్ మెమో, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు, ఆధార్, పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా. మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకటేనా చూడండి. ఒక్క అక్షరం తేడాకు స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అది తెలంగాణలో ఈపాస్, ఆంధ్రలో జ్ఞానభూమి ద్వారా వస్తుంది. గడువులు ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకోండి. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపే కాలేజీలు ఉన్నాయి. అప్పుడు తల్లిని ఒక్కదాన్నే పంపి కాళ్ళు పట్టించకండి. విహారం పెద్దలు వెళ్ళి మాట్లాడాలి.

ఆడపిల్లల మాట

"ఇంటర్ అయిపోయింది కదా, సంబంధాలు చూద్దాం." ఈ మాట బుద్ధుని పటం ఉన్న ఇళ్ళల్లో కూడా వినబడుతోంది. కోసల రాజు ప్రసేనజిత్తుకు కూతురు పుట్టిందని ముఖం చిన్నబోతే, ఆడపిల్ల మగవాడి కన్నా గొప్పది కావచ్చు అని భగవానుడు ఆయనకు చెప్పారు. ఆడవాళ్ళ హక్కుల కోసం తెచ్చిన హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టారని 1951లో బాబాసాహెబ్ మంత్రి పదవి వదులుకున్నారు. ఆ ఇద్దరి పటాల కింద కూర్చుని పదిహేడేళ్ళ పిల్ల చదువు ఆపడం ఎలా కుదురుతుంది? దూరం పంపడానికి భయంగా ఉంటే ఆ భయాన్ని విహారంలో చెప్పండి. ఆ ఊళ్ళో మన వాళ్ళు ఎవరున్నారో వెతుకుదాం. పిల్లను ఆపకండి.

ఫలితాలు వచ్చిన రోజు

హాల్‌టికెట్లు, పెన్నులు దేవుడి ముందు పెట్టి పూజ చేసే అలవాటు మనం వదిలేశాం. దాని బదులు బుద్ధుని ముందు పెట్టి మొక్కితే పేరు మార్చినట్టే తప్ప పద్ధతి మార్చినట్టు కాదు. బుద్ధుడు మార్కులు వేయడు. పరీక్ష ముందు విహారానికి వెళ్ళండి, త్రిశరణ పంచశీలాలు చెప్పుకోండి, పది నిమిషాలు శ్వాస మీద మనసు నిలపండి. మనసు కుదురుతుంది. చదివింది గుర్తొస్తుంది. చేయగలిగింది అదే.

మార్కులు తగ్గినా, ఫెయిలైనా ఆ రోజు ఇంట్లో ఏం మాట్లాడతారో ఇప్పుడే నిర్ణయించుకోండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అది వాళ్ళ బలహీనత కాదు. మెమో మీద అంకె కన్నా వాళ్ళ ప్రాణం విలువైనదని ఆ ఘడియలో పక్కన కూర్చుని చెప్పే మనిషి ప్రతి పిల్లకూ ఉండాలి. ఫలితాల రోజున పిల్లల్ని ఒంటరిగా వదలకండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. "ఇంత ఖర్చు పెట్టాం" అనకండి. పేపరు మళ్ళీ లెక్కపెట్టించుకోవచ్చు, సప్లిమెంటరీ ఉంది, వచ్చే ఏడు ఉంది. పిల్లలు మాట్లాడటం మానేసినా, తిండి మానేసినా, బతకాలని లేదన్నా తేలిగ్గా తీసుకోకండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వం నడిపేది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

అన్నీ మారేవే అన్నది మన ధమ్మంలో మూల సూత్రం. దుఃఖం వచ్చినప్పుడు ఆ మాటను పుస్తకంలోంచి తీసి పిల్లల భుజం మీద చెయ్యి వేసి చెప్పాలి.

తమ్ముడూ, చెల్లీ, ఇది నీ కోసం

ఇంటి నుంచి హాస్టల్‌కు వెళ్ళబోతున్నావు. ఇప్పటిదాకా అమ్మ లేపితే లేచావు. రేపటి నుంచి నిన్ను లేపేవాళ్ళు ఉండరు. బొంబాయి పరేల్ చాల్‌లో ఒక్క గదిలో బాబాసాహెబ్ కుటుంబమంతా ఉండేది. రాంజీ అర్ధరాత్రి దాటేదాకా తాను మేలుకుని ఉండి, రెండు గంటలకు కొడుకుని లేపి చదువుకు కూర్చోబెట్టి అప్పుడు పడుకునేవారు. నీ కోసం కూడా ఇంట్లో ఎవరో నిద్ర తగ్గించుకున్నారు. అది అప్పు అనుకుని కుంగిపోవద్దు. గుర్తుంటే చాలు.

దీఘజాణు అనే గృహస్థుడు, మేం సంసారులం, మాకు ఈ లోకంలో పనికొచ్చేది చెప్పండి అని అడిగితే భగవానుడు నాలుగు చెప్పారు. మొదటిది, చేసే పనిలో నేర్పు, పట్టుదల. రెండోది, కష్టపడి సంపాదించింది కాపాడుకోవడం. మూడోది, మంచి స్నేహం. నాలుగోది, ఆదాయానికి తగ్గ బతుకు. సంపదను ఆయన చెరువుతో పోల్చారు. నీళ్ళు వచ్చే తూములు నాలుగు, పోయే తూములు నాలుగు. పోయేవి స్త్రీలోలత్వం, తాగుడు, జూదం, చెడు సావాసం. ఇవాళ జూదం నీ జేబులో ఫోన్‌లోనే ఉంది. బెట్టింగ్ యాప్‌లో మొదట వంద గెలిపిస్తారు, తర్వాత నీ స్కాలర్‌షిప్, ఆ తర్వాత మీ అమ్మ మంగళసూత్రం దాకా వస్తుంది. ఆ తూము ఒక్కసారి కూడా తెరవొద్దు. తాగుడు మన 22 ప్రతిజ్ఞల్లోనే వద్దన్నాం. ఫ్రెషర్స్ పార్టీలో "ఒక్కసారే కదరా" అన్నప్పుడు నువ్వు చెప్పగలిగే జవాబు అదే.

సోమరికి సాకులు ఎప్పుడూ దొరుకుతాయని సిగాలుడికి భగవానుడు చెప్పారు. చలిగా ఉంది, ఎండగా ఉంది, ఇంకా పొద్దుంది, పొద్దుపోయింది, ఆకలేస్తోంది, కడుపు నిండింది. నీ సాకు ఇందులో ఏదో చూసుకో.

ఇంకో మాట. హాస్టల్లో నీ ఇంటిపేరు అడుగుతారు, ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు అని అడుగుతారు, ర్యాంకు ఎంత అని అడుగుతారు. ఎందుకు అడుగుతున్నారో నీకు తెలుసు. దాచుకోవాల్సిన పని లేదు. నీ సీటు ఎవరి దయా కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఇంగ్లీషు రాకపోతే నేర్చుకో. ఏడాదిలో వస్తుంది. అవమానం జరిగితే ఒంటరిగా మింగొద్దు. తేదీ, చోటు, అన్న మాట రాసి పెట్టుకో. కాలేజీలో ఎస్సీ ఎస్టీ సెల్ ఎక్కడుందో మొదటి వారంలోనే తెలుసుకో. అంబేడ్కర్ విద్యార్థి సంఘాలు ఎక్కడున్నాయో వెతుక్కో.

రోహిత్ వేముల పేరు నువ్వు విని ఉంటావు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. 2016 జనవరి 17న మనకు దూరమయ్యాడు. అదే ఏడాది ఏప్రిల్ 14న అతని తల్లి రాధిక, తమ్ముడు రాజా ముంబైలో బౌద్ధం స్వీకరించారు. ఆ తల్లి తీసుకున్న దారి ఎందుకు చెప్తున్నానంటే, అంత దుఃఖంలోనూ ఆమె బతుకు వైపు, ధమ్మం వైపు నడిచింది. నువ్వు కూడా బతికే పోరాడాలి. బతికి చదవాలి. నీ గది తలుపు మూసుకోవాలనిపించిన రోజు మాకు ఫోన్ చెయ్. ఆ మాట చెప్పడానికే మేమున్నాం.

రాహులుడు చిన్న పిల్లాడుగా ఉన్నప్పుడు భగవానుడు అతనికి అద్దం పోలిక చెప్పి ఒక పద్ధతి నేర్పారు. ఏ పని అయినా చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, ఇది నాకుగానీ ఇతరులకుగానీ హాని చేస్తుందా అని చూసుకో అన్నారు. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు అలా చూసుకుంటే నీకు వేరే కాపలాదారు అక్కర్లేదు.

విహారం చేయగలిగినవి

ఇక మళ్ళీ పెద్దలతో మాట్లాడతాను. దీనికి పెద్ద సంస్థ అక్కర్లేదు, లక్షలు అక్కర్లేదు. 1946లో బొంబాయిలో బాబాసాహెబ్ కాలేజీ పెట్టినప్పుడు దానికి సిద్ధార్థ అని పేరు పెట్టారు. 1950లో ఔరంగాబాద్‌లో పెట్టిన కాలేజీ పేరు మిలింద అయింది. ఆయన దృష్టిలో చదువు, ధమ్మం రెండు గదులు కావు. మన విహారం రేకుల షెడ్డు అయినా సరే, ఏడాది పొడుగునా ఈ పనులు చేయొచ్చు.

డిసెంబరులో ఇంటర్ రెండో ఏడాది పిల్లల పేర్లు రాసుకోండి. ఒక ఆదివారం వందన అయ్యాక అందరి ఫైళ్ళు చూడండి. ఒక్కో పిల్లకు ఒక్కో అన్ననో అక్కనో అప్పగించండి. మన వాళ్ళల్లో టీచర్లు, రైల్వే, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. రిజర్వేషన్‌తో ఎదిగినవాళ్ళు తిరిగి ఇవ్వగలిగింది నెలకు రెండు గంటల కాలం.

జనవరిలో వేరువేరు చదువులు చదివినవాళ్ళను పిలిచి పిల్లలతో మాట్లాడించండి. పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వండి.

ఫిబ్రవరి, మార్చిలో రాత్రిపూట విహారం గది చదువు గది కావాలి. ఒక లైటు, ఒక ఫ్యాను, మంచినీళ్ళు, కాపలాగా ఒక పెద్దమనిషి చాలు. పరీక్షలు అయ్యేదాకా మన వీధిలో మైకులు పెట్టనివ్వకండి.

ఏప్రిల్ 14 జయంతి చందాల్లో పదో వంతైనా దరఖాస్తు ఫీజులకు, హాస్టల్ డిపాజిట్లకు తీసి పెట్టండి. డీజే ఒక గంట తగ్గితే బాబాసాహెబ్ ఏమీ అనుకోరు.

మే, జూన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున పిల్లల పక్కన తెలిసిన మనిషి కూర్చోవాలి. నెట్ సెంటర్‌కు ఒంటరిగా పంపకండి. కాలేజీ తెరిచిన రోజున దూరం వెళ్ళే పిల్లతో ఒకరు వెంట వెళ్ళండి.

అక్టోబర్ 14న ధమ్మ దీక్షా దినానికి ఆ పిల్లలందరినీ ఇంటికి పిలిపించండి. చదువు ఎలా ఉంది, ఎవరైనా ఏమైనా అంటున్నారా, డబ్బు సరిపోతోందా, కడుపు నిండా తింటున్నారా అడగండి. సరిగా లేదంటే అప్పుడే సరిచేయొచ్చు. కింది ఏడాది పిల్లలను కూడా ఆ రోజు వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. వచ్చే డిసెంబరులో వాళ్ళ పేర్లే రాసుకోవాలి.

ఈ కరపత్రం చదివాక మీరు చేయవలసింది ఒకటే. మీ వీధిలో ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న ఒక పిల్ల పేరు, ఒక పిల్లాడి పేరు వచ్చే ఆదివారం వందనకు వచ్చేటప్పుడు కాగితం మీద రాసుకుని రండి. మిగతాది అక్కడ కూర్చుని మాట్లాడుకుందాం.

నమో బుద్ధాయ! జై భీమ్!